అంకె పదికి తగ్గితే ఏమవుతుంది?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించడం ఆనవాయితీ గానీ, నాకిచ్చిన టైమ్ సగం దానికే పోతుంది, వాళ్లు ఏమీ అనుకోరనే నమ్మకంతో నేరుగా విషయంలోకి వెళ్తాను. ఈ రోజు జూలై 28. లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూక్ బ్లంబర్గ్ పుట్టినరోజు, అందుకే హెపటైటిస్ దినం. నన్ను మాట్లాడమన్నది పిల్లలకు ఈ టీకా బూస్టర్ల గురించి, అంటే డోసులన్నీ అయ్యాక ఏళ్ల తర్వాత మళ్లీ వేసే డోసు గురించి. మాట్లాడతాను, కానీ నా కడుపులో వేరే మాట ఉంది, అదీ చెప్పకుండా దిగను.

ఈమధ్య ఒకావిడ ఎనిమిదేళ్ల పాపను తీసుకొచ్చారు. చేతిలో రక్తపరీక్ష రిపోర్టు. యాంటీ హెచ్‌బీఎస్, అంటే ఈ వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీల లెక్క, 6 అని ఉంది, దాని చుట్టూ ఎర్ర పెన్నుతో ఎవరో సున్నా చుట్టారు. రాత్రంతా నిద్ర లేదట. "డోసులన్నీ వేయించామండీ, టీకా పని చేయలేదా?" అని అడిగారు. పాప మాత్రం నా స్టెతస్కోప్ లాగుతూ ఆడుకుంటోంది.

పని చేసిందమ్మా, బాగానే చేసింది. ఈ లెక్కకు పెట్టుకున్న హద్దు ఏమిటంటే, డోసులు పూర్తయిన ఒకటి రెండు నెలలకు పరీక్షిస్తే మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు దాటాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో నూటికి 95 మందికి పైగా దాటేస్తారు. ఒకసారి దాటారంటే టీకా పట్టినట్టే. తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ యాంటీబాడీలు తగ్గుతాయి, తగ్గడం సహజం. కానీ వైరస్‌ను గుర్తుపట్టే మెమరీ కణాలు ఉంటాయి కదా! ఈ వైరస్ నిదానం మనిషి, ఒంట్లో దూరాక జబ్బు బయటపడటానికి సగటున మూడు నెలలు తీసుకుంటుంది. ఈలోపు ఆ కణాలు నిద్ర లేచి యాంటీబాడీలు తయారు చేసుకుంటాయి. అలాస్కాలో 1981లో టీకా వేసుకున్నవాళ్లను 30 ఏళ్ల తర్వాత చూశారు, అంకె పది కిందికి పడిపోయినవాళ్లలో చాలామందికి ఒక్క డోసు ఇవ్వగానే మళ్లీ పైకి లేచింది. అందుకే ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ బూస్టర్ అక్కర్లేదంటోంది. డయాలసిస్‌లో ఉన్న పిల్లలు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ల సంగతి వేరు, వాళ్లకు పరీక్షలూ కావాలి, బూస్టర్లూ కావాలి.

ఇక నా కడుపులో మాట. ఆవిడ అప్పుడు ఐదో నెల గర్భిణి. "మీ ఒంట్లో ఈ వైరస్ ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేశారా అమ్మా?" అంటే, తెలియదండీ అన్నారు! పాప రిపోర్టులో అంకె కంఠతా వచ్చు, తన పరీక్ష జరిగిందో లేదో తెలియదు. ఆవిడ తప్పు కాదు, చెప్పాల్సినవాళ్లం చెప్పలేదు. పెద్దవాళ్లకు ఈ వైరస్ సోకితే నూటికి ఐదుగురిలో కూడా పాతుకుపోదు. పుట్టేటప్పుడు తల్లి నుంచి బిడ్డకు సోకిందంటే నూటికి 90 మందిలో జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక లివర్ గట్టిపడిపోయే సిర్రోసిస్, లివర్ క్యాన్సర్ అక్కణ్ణుంచే. అందుకే పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు. తల్లికి వైరస్ ఉంటే దాంతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్ కూడా, వీలైతే 12 గంటల్లోపే. అలాంటి బిడ్డకు డోసులన్నీ అయ్యాక, 9 నుంచి 12 నెలల మధ్య రక్తపరీక్ష చేయాలి. చూడండి, టైటర్, అంటే ఈ యాంటీబాడీల లెక్క, నిజంగా అవసరమయ్యేది ఇక్కడ, ఇక్కడేమో ఎవరూ చేయించరు!

ఆదివారం పుట్టాడు, సోమవారం వేద్దాంలే. డిశ్చార్జి రోజు వేద్దాంలే. ఈ 'లే' నేను వినీ వినీ విసిగిపోయాను. తైవాన్ 1984లోనే పుట్టిన బిడ్డలకు ఈ టీకా మొదలుపెట్టి, పిల్లల్లో లివర్ క్యాన్సర్‌ను సగానికి సగం తగ్గించింది. మనమింకా సోమవారం కోసం చూస్తున్నాం.

వార్డు సిస్టర్లు ఎవరైనా వచ్చారా? వెనక ఉన్నట్టున్నారు. అమ్మా, టీకా కార్డులో తేదీ పక్కన గంట కూడా రాయండి, బిడ్డ పుట్టిన గంటా, డోసు పడిన గంటా. తేదీ ఒక్కటే ఉంటే 24 గంటలు దాటిందో లేదో ఎవరు చెప్తారు?

బెల్లు కొట్టేశారు. ప్రశ్నలుంటే అడగండి, 'మావాడి టైటర్ ఎంతుండాలి' అన్నది తప్ప.