పెరుగు డబ్బా మీద మూడు మాటలు: మావయ్య చెరువు గట్టు నుంచి

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. బెల్‌ఫాస్ట్ నుంచి సెలవులకి వైజాగ్ వచ్చి నాలుగు రోజులైంది. ఇప్పుడు భీమిలి దగ్గర మావయ్య రొయ్యల చెరువు గట్టు మీదున్నాను. వెనకాల ఆ చప్పుడు ఏరేటర్లది, అంటే చెరువు నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలది. ఇవాళ రొయ్యల పట్టుబడి. కొనే ఆయన కిలో తూచి, రొయ్యల్ని ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నారు, చూడండి. కిలోకి అరవై వస్తే 60 కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటూ ఎక్కువ.

పొద్దున్నే మావయ్య అడిగారు, "ఏమ్మా, మీ ఊరు యూరప్‌లో ఉన్నట్టా, బయటికొచ్చేసినట్టా?"

రెండూ నిజమే. 2020 జనవరి 31న బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి తప్పుకుంది, దాంతోపాటే అందులో భాగమైన, మా బెల్‌ఫాస్ట్ ఉన్న నార్తర్న్ ఐర్లాండూ. కానీ పక్కనే యూరోపియన్ యూనియన్‌లో ఉన్న ఐర్లాండ్ దేశపు సరిహద్దులో చెక్‌పోస్టులు పెడితే, మా దగ్గర ఏళ్ల తరబడి సాగిన హింసని ఆపిన 1998 శాంతి ఒప్పందం ఏమవుతుందోనని భయం. అందుకే సరుకుల వరకు మాకు చాలావాటికి యూరప్ నిబంధనలే ఉంచి, ఇంగ్లండ్ వైపు నుంచి సముద్రం దాటి వచ్చే సరుకుకి తనిఖీలు ఓడరేవుల్లో పెట్టారు. అనకాపల్లి బెల్లం వైజాగ్ రావడానికి కస్టమ్స్ కాగితాలు అడిగినట్టన్నమాట. శాంతి కోసమైతే నాకు ఆ కాగితాలు సమ్మతమే. ఇబ్బంది మాత్రం ఇబ్బందే.

మా ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా మీద 'నాట్ ఫర్ ఈయూ' అని ఉంటుంది, అంటే యూరోపియన్ యూనియన్‌కి కాదని. ఇక్కడే తినండి, సరిహద్దు దాటించొద్దు అని. బ్రిటన్, ఈయూ కుదుర్చుకున్న 2023 విండ్సర్ ఒప్పందంతో వచ్చిన ముద్ర అది. అలాంటి సరుకు గ్రీన్ లేన్ అనే సులువు దారిలో తక్కువ కాగితాలతో వచ్చేస్తుంది. అయినా మొన్న సంక్రాంతికి ఇంగ్లండ్‌లోని ఒక ఆన్‌లైన్ దుకాణంలో కందిపప్పు, ఇంగువ, గోంగూర పచ్చడి అన్నీ కార్ట్‌లో వేసుకుని, బీటీతో మొదలయ్యే మా పోస్ట్‌కోడ్ కొట్టానో లేదో, 'మీ ప్రాంతానికి డెలివరీ లేదు' అని వచ్చింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయండి.

ఈ సముద్రపు సరిహద్దు మీద కోపంతోనే, బ్రిటన్‌తోనే కలిసుండాలనే డీయూపీ పార్టీ 2022 ఫిబ్రవరిలో మా నార్తర్న్ ఐర్లాండ్ ప్రభుత్వం నుంచి తప్పుకుంది. రెండేళ్లు అసెంబ్లీ నడవలేదు. 2024 జనవరిలో జీతాల కోసం నర్సులు, టీచర్లు, బస్సు డ్రైవర్లు ఒకేరోజు సమ్మె చేశారు. ఆ మర్నెలలోగానీ ప్రభుత్వం మళ్లీ కొలువుదీరలేదు.

"మరి మన రొయ్యకేంటి?" అన్నారు మావయ్య. ఆయన టెన్షన్ అది. మన రొయ్యలు ఎక్కువ కొనేది అమెరికా. 2025 ఆగస్టులో అక్కడ సుంకం 50 శాతానికి ఎగబాకింది. దానికి నెల ముందే, జులై 24న, బ్రిటన్ మన దేశంతో వాణిజ్య ఒప్పందం మీద సంతకం పెట్టింది. అందులో మన రొయ్యల మీద సుంకం ఎత్తేస్తామంది. యూరోపియన్ యూనియన్‌లోనే ఉండుంటే సొంతంగా ఆ సంతకం పెట్టే వీలే లేదు. నా పచ్చడికి అడ్డుపడ్డ ఆ నిష్క్రమణే మావయ్య చెరువుకి ఒక దారి చూపిస్తోంది.

ఇంకో మెలిక ఉంది. ఇదే రొయ్య బెల్‌ఫాస్ట్‌లో దిగి, అక్కణ్ణుంచి ఐర్లాండ్ రాజధాని డబ్లిన్ వెళ్లేలా ఉంటే యూరప్ సుంకమే కట్టాలి. అది చెబుతుండగానే కొనే ఆయన రెండో కిలో లెక్క ముగించారు. యాభై ఎనిమిది! మావయ్య ముఖం చూడండి.