ఊటగెడ్డ నీళ్ళు పై వీధికి ఎక్కట్లేదు: ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. గ్రామీణ నీటి సరఫరాలో పనిచేసి రిటైరైన ఇంజినీరు గారు మనతో ఉన్నారు. హలో, చెప్పండి.

కాలర్ (పాడేరు దగ్గర్నుంచి): హలో సార్, వినపడుతోందా? సిగ్నల్ కోసం బండ ఎక్కాను. మాది కొండ మీద 42 గడపల ఊరు సార్, పైన ఊటగెడ్డ ఉంది, అక్కడ తొట్టి కట్టి పైపు వేసుకున్నాం, మొదట్లో బాగానే వచ్చాయి, ఇప్పుడేమో పై వీధిలో కుళాయి తిప్పితే గాలి వస్తోంది, రోజూ గొడవలే. నెలకి ఎంత వసూలు చెయ్యాలి సార్?

ఇంజినీరు: ఆగు తమ్ముడూ, డబ్బు తర్వాత. వేసవిలో ఊట కొలిచారా?

కాలర్: కొలవడమంటే...

ఇంజినీరు: 20 లీటర్ల బకెట్ పెట్టి చూడండి. 40 సెకన్లకి నిండిందనుకో, నిమిషానికి 30 లీటర్లు, రోజుకి 43,200. మనిషికి 55 లీటర్లని జల్ జీవన్ మిషన్ లెక్క. 180 మంది ఉన్నా పదివేల లీటర్లు చాలు. కింద వీధి వాళ్ళు కుళాయిలు కట్టేస్తున్నారా?

కాలర్: ఒకాయన అరటి మొక్కలకి వదిలేశాడు సార్.

ఇంజినీరు: చూశావా! నీరు పల్లమెరుగు. కింద లైనుకి నీళ్ళు ఆపే గేటు వాల్వు పెట్టి, పొద్దున ముందు పై వీధికి వదలండి. పైపు మిట్ట ఎక్కి దిగే చోట గాలి పట్టేస్తుంది, అక్కడ ఆ గాలిని బయటికి వదిలే ఎయిర్ వాల్వు ఉండాలి. గేటు వాల్వు తాళం ఒక్కరి దగ్గరే ఉండాలి.

కాలర్: సరే సార్. మరి నెలకి ఎంత?

ఇంజినీరు: మీకు మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు, అదృష్టవంతులు. వాల్వు తిప్పే కుర్రాడికి కొంత, వాషర్లు, బ్లీచింగు, పగిలితే పైపు ముక్క. ఇంటికి 30 వేసుకుంటే నెలకి 1,260 వస్తుంది.

కాలర్: అదే సార్, నెలనెలా అంటే మా వాళ్ళ చేతిలో డబ్బు ఆడదు. అందుకే అడుగుతున్నా, నెలకి ఎంత...

ఇంజినీరు: నాయనా, నెలనెలా ఎందుకు? కాఫీ, పసుపు అమ్మినప్పుడు ఏడాదికి 360 ఒకేసారి తీసుకోండి. లెక్క బడి గోడ మీద రాయండి, లేకపోతే రెండో ఏడు ఎవరూ ఇవ్వరు. ఇవ్వలేని వాళ్ళ కుళాయి మాత్రం కొయ్యొద్దు, తొట్టి కడిగే రోజు ఒక మనిషిని పంపితే చాలు.

యాంకర్: థాంక్యూ. నెక్స్ట్ కాలర్.

కాలర్: సార్, మా వీధిలో అందరూ కుళాయికి మోటారు పెట్టారు, నేను కూడా...

ఇంజినీరు: వద్దు! ప్రతి వారం చెబుతున్నా. మోటారు పీలిస్తే, పైపు చిల్లి పడ్డ చోట మురిక్కాలవ నీళ్ళు లోపలికి వస్తాయి.

కాలర్: అందరూ పెట్టాక నేనొక్కణ్ణీ...

ఇంజినీరు: ముందు నువ్వు పెట్టకు.

యాంకర్: సరేనండీ. తర్వాత?

కాలర్: బ్లీచింగ్ ఎంత కలపాలండీ?

ఇంజినీరు: తాజా పొడి అయితే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములమ్మా. చిన్న బకెట్లో కలిపి, తేట మాత్రమే ట్యాంకులో పొయ్యాలి, అరగంట ఆగాలి. చివరి ఇంటి కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు రావాలి.

యాంకర్: ఇందాకటి పాడేరు కాలర్ మళ్ళీ లైన్లో ఉన్నారు.

కాలర్: సార్, ఆ వాల్వు తాళం ఎవరి దగ్గరుండాలి?

ఇంజినీరు: పై వీధి వాళ్ళ దగ్గర.

యాంకర్: హలో? లైన్ కట్టయింది.