ఒక్క రోజులో ఏడు చోట్లు: తిరుపతి కారు ప్యాకేజీ రివ్యూ, గుడిమల్లం ఎందుకు వదలకూడదంటే

అందరికీ నమస్కారం. తిరుపతి చుట్టుపక్కల చూపించే ఒక రోజు కారు ప్యాకేజీ గురించి చెప్పమని చాలామంది అడుగుతున్నారు. ఈ వీడియో దాని గురించే. ముందే చెప్పేస్తాను, ఇది నాకు ఉచితంగా ఇచ్చారు. ఊళ్లోనే ఉండే ట్రావెల్స్ వాళ్లు ఫోన్ చేసి, "మీ వాళ్లతో ఒక రోజు తిరిగి రండి మేడమ్, ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అన్నారు. కారు, డ్రైవరు, మధ్యాహ్నం భోజనం వాళ్లవే. అంతకు మించి నేను డబ్బు తీసుకోలేదు, ఈ వీడియో వాళ్లకు ముందుగా చూపించనూ లేదు. రేటెంత, ఏ కారు, ఎంతమంది పడతారు అన్నవి మీరు పోస్టర్‌లో చూసే ఉంటారు. ఆ లెక్కలు వదిలేసి తిరిగిన సంగతి చెబుతాను.

తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకు కొదవుండదు. మా పిన్ని, బాబాయి హైదరాబాద్ నుంచి వచ్చారు. ముందు రోజే కొండ మీద దర్శనం అయింది, తెల్లారి ఊరు చూద్దామనుకున్నారు. కాబట్టి సరిగ్గా ఈ ప్యాకేజీ ఎవరి కోసం పెట్టారో వాళ్లనే ఎక్కించుకుని వెళ్లాను.

కారు శుభ్రంగా ఉంది. ఏసీ బాగా పనిచేసింది. డ్రైవర్ అన్న పొద్దున ఆరింటికే గుమ్మం ముందు ఉన్నాడు, ఎక్కడా హారన్ మోత లేదు, ఓవర్‌టేక్ పిచ్చి లేదు. బాబాయికి మోకాళ్ల నొప్పి అని తెలిశాక ప్రతి గుడి దగ్గరా వీలైనంత దగ్గరగా ఆపాడు. ఆయనకు నూటికి నూరు మార్కులు.

ఇక నా బాధంతా ఆ పోస్టర్ మీద. గోవిందరాజస్వామి గుడి, కపిలతీర్థం, తిరుచానూరు, శ్రీనివాస మంగాపురం, చంద్రగిరి కోట, శ్రీకాళహస్తి, కాణిపాకం, ఇవన్నీ ఒకే రోజులో. మ్యాప్ తీసి చూడండి. శ్రీకాళహస్తి తూర్పున, కాణిపాకం పడమట చిత్తూరు దాకా పోవాలి. 2022లో జిల్లాలు విడిపోయాక ఆ రెండూ ఒక జిల్లాలో కూడా లేవు. ఈ రెండింటికే రానూపోనూ 200 కిలోమీటర్లు దాటుతుంది. అంటే మీరు డబ్బు కట్టేది ఎక్కువగా కారు సీటులో కూర్చోవడానికి. గుళ్ల దగ్గర మిగిలేది అరగంట. అందులో చెప్పులు వదిలి, క్యూలో నిలబడి, దండం పెట్టుకుని పరుగెత్తుకుంటూ రావాలి.

గోవిందరాజస్వామి గుడినే తీసుకోండి. రైల్వే స్టేషన్‌కు నడిచివెళ్లే దూరం. రామానుజులవారు ప్రతిష్ఠించారని చెప్పుకునే గుడి. బయట ఆ పెద్ద గాలిగోపురం కింద నిలబడి తల పైకెత్తి చూడ్డానికే పది నిమిషాలు కావాలి. మా పిన్ని అలా చూస్తూ ఉంటే "ఇంకా ఆరు చోట్లున్నాయి పిన్నీ" అని నేనే తొందరపెట్టాల్సి వచ్చింది. ఇంటికొచ్చిన పెద్దవాళ్లతో అలా మాట్లాడాల్సి రావడం నాకు నచ్చలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ పోస్టర్‌లో అడుగున, చిన్న అక్షరాల్లో "టైం ఉంటే గుడిమల్లం" అని ఉంది. టైం ఉంటేనా? నా దృష్టిలో అన్నిటికంటే ముందు రాయాల్సిన పేరు అది. గుడిమల్లం పరశురామేశ్వర స్వామి గుడి తిరుపతి నుంచి గంటలోపు దూరంలో ఉంది. రేణిగుంట దాటి, పాపానాయుడుపేట మీదుగా పోవాలి. అక్కడి శివలింగం క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దమో ఒకటో శతాబ్దమో అయి ఉంటుందని చాలామంది పండితుల అంచనా. మన దేశంలో దొరికిన అతి పాత శివలింగాల్లో ఒకటి. అంత పాతది మన పక్కనే ఉంటే, దాన్ని "టైం ఉంటే" అని రాస్తే ఎట్లా?

శ్రీకాళహస్తి దర్శనం అయ్యాక డ్రైవర్ అన్నను అడిగాను. "ఏముందక్కా అక్కడ, ఒక్క లింగమే కదా. కాణిపాకం అయితే అందరూ అడుగుతారు" అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఎక్కినవాళ్లు అడిగేదే ఆయన చెప్పాడు. కాణిపాకం మానేద్దాం, ఇటే పోదాం అన్నాను. బాబాయి సరేనన్నాడు. పిన్నికి కాస్త వెలితిగానే ఉంది, వినాయకుడిని చూడాలని మొక్కు కూడా ఉంది ఆమెకు.

గుడి దగ్గర జనం లేరు. చుట్టూ పొలాలు, పక్కన ఊరు. గర్భగుడి వెనకవైపు గుండ్రంగా తిరిగి ఉంటుంది, ఏనుగు వెనకభాగంలా, అందుకే గజపృష్ఠం అంటారు. లోపల నేల మండపం కంటే లోతు. పూజారి దీపం పట్టుకుని కింది నుంచి పైకి మెల్లగా చూపిస్తాడు. లింగం దాదాపు ఐదడుగులు, గట్టి ముదురు గోధుమ రంగు రాయి, నున్నగా మెరుస్తుంది. లింగం ముందువైపే శివుడు నిలబడి ఉంటాడు. కాళ్ల కింద ఒంగి కూర్చున్న మరుగుజ్జు, వాడి భుజాల మీద స్వామి పాదాలు. కుడిచేత్తో ఒక పొట్టేలును వెనక కాళ్లు పట్టి వేలాడదీశాడు. ఎడమచేతిలో చిన్న చెంబు, భుజం మీద గండ్రగొడ్డలి. దీపం పొట్టేలు దగ్గరకు వచ్చినప్పుడు దాని తల కిందికి వాలిన తీరు చూడండి. ప్రాణం పోయిన జంతువు మెడ ఎలా వాలుతుందో అట్లాగే చెక్కాడు ఆ శిల్పి. ఒంటి మీద జంధ్యం లేదు. తర్వాతి కాలం గుళ్లలో మనం చూసే శివుడి కంటే ఈయన వేటగాడికే దగ్గరగా ఉంటాడు. వేటగాడు కన్నప్ప శివుణ్ణి కొలిచిన శ్రీకాళహస్తి నుంచి నేరుగా ఇక్కడికి వచ్చాం కాబట్టి నా మనసంతా ఆ వేటగాడి మీదే ఉంది.

ఈ గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1973లో ఇక్కడ తవ్వినప్పుడు లింగం చుట్టూ ఒకప్పుడు రాతి కంచె ఉండేదని తేలింది. అంటే ఇప్పుడున్న గుడి కట్టకముందు ఆ స్వామి ఆరుబయటే పూజలందుకున్నాడన్నమాట. గోడల మీద పల్లవుల, బాణుల, చోళుల కాలం శాసనాలున్నాయి. గర్భగుడిలో నేను వీడియో తీయలేదు, మీరూ తీయొద్దు. కళ్లతో చూడాల్సిందే. పిన్ని చాలాసేపు కదల్లేదు. బయటికొచ్చాక "ఇన్నేళ్లుగా తిరుపతికి వస్తున్నా, ఒక్కరూ చెప్పలేదేమే?" అంది. నాకు ఆ మాట గుచ్చుకుంది. ఈ వీడియో ఇంత పొడుగు రావడానికి కారణం అదే.

వచ్చే దారిలో పాపానాయుడుపేటలో ఆగొచ్చు. గాజు పూసల తయారీకి ఎప్పటి నుంచో పేరున్న ఊరు అది.

చంద్రగిరి సంగతి కూడా చెప్పాలి, కానీ కోపం లేకుండా చెప్పలేను. ప్యాకేజీలో ఇరవై నిమిషాలు. 1565 తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు పెనుకొండకు, ఆ తర్వాత చంద్రగిరికి వచ్చారు. ఇంగ్లీషువాళ్లకు మద్రాసులో కోట కట్టుకోవడానికి 1639లో చోటు దొరికింది కూడా ఈ రాజుల ఏలుబడిలోనే. రాజమహల్ మూడంతస్తులు, కట్టడంలో కలప వాడలేదు. లోపల మ్యూజియంలో కంచు విగ్రహాలున్నాయి. రెండు గంటలు పెట్టుకోండి. శుక్రవారం మాత్రం వెళ్లొద్దు, మ్యూజియం సెలవు. నడక అలవాటున్నవాళ్లు దగ్గర్లోనే ఉన్న శ్రీవారి మెట్టు నుంచి కొండెక్కొచ్చు, 2,388 మెట్లు. అలిపిరి దారిలో అయితే 3,550. శ్రీవారి మెట్టు పొట్టి దారే కానీ నిటారుగా ఉంటుంది, పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి.

కపిలతీర్థం జలపాతం చూడాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, వానలు పడ్డాక రండి. ఎండాకాలంలో వచ్చి నీళ్లేవీ అని నన్ను అడగొద్దు.

ఈ ప్యాకేజీకే ఇంకొంత డబ్బు కడితే కొండపైకి కూడా కారులో తీసుకెళ్తారట. దయచేసి వద్దు. ఇదివరకు కంచి ప్యాకేజీ రివ్యూలో నేను కారునే మెచ్చుకున్నాను, అక్కడ అది సరిపోయింది. తిరుమలకు మాత్రం ఆర్టీసీ బస్సును మించింది లేదు. స్టేషన్ దగ్గర, బస్టాండులో, అలిపిరి దగ్గర ఎక్కడైనా దొరుకుతుంది. అలిపిరిలో అందరూ దిగి సామాన్లు తనిఖీ చేయించుకోవాల్సిందే, కారైనా బస్సైనా. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కొండ మీదికి వద్దు, ఇంటి నుంచి స్టీలు సీసా తెచ్చుకోండి. కారుకు టైం వేసిన చీటీ ఇస్తారు, మరీ తొందరగా చేరితే జరిమానా. పైన పార్కింగ్ వెతుక్కోవడం ఇంకో టెన్షన్. పైకి చేరాక కొండ మీద తిరగడానికి ఉచిత బస్సులు ఎలాగూ ఉన్నాయి.

బస్సులో కిటికీ సీటు దొరికిందా, ఇక చూడండి. ఎక్కేది 1974లో వేసిన దారి, దిగేది 1944 నాటి పాత దారి, 36 మలుపులు. ఘాట్ రోడ్డు పక్క కొండ కోసిన చోట రెండు రకాల రాళ్లు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. కింద పాత గ్రానైటు, మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు అనే గట్టి రాయి. ఆ రెండూ ఏర్పడిన కాలాల మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. జాతీయ భూగర్భ స్మారకం అది. నేను ఎప్పుడు కొండెక్కినా ఆ రాళ్ల వైపు చూడకుండా ఉండలేను.

తిండి. ప్యాకేజీ భోజనం హైవే పక్కన పెద్ద హోటల్లో పెట్టారు. పనీర్ కూర, రోటీ, పులావు. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకు చిత్తూరు సీమలో పనీర్ తినిపించడం ఏం న్యాయం? బాబాయి సగం వదిలేశాడు. మా ఊరొచ్చినవాళ్లు రాగి సంగటి తినాలి. వేడి ముద్ద మధ్యలో వేలితో గుంట చేసి, అందులో నెయ్యి వేసి, పక్కన ఊరిబిండి అనే పచ్చడి పెట్టుకోవాలి. వేయించిన చెనక్కాయలు, పచ్చిమిరపకాయలు, టమాటా రోట్లో వేసి బరకగా నూరతారు, మెత్తగా చేస్తే రుచి పోతుంది. మాంసం తినేవాళ్లకు నాటుకోడి పులుసు. సంగటి నమలకూడదు, పులుసులో అద్ది మింగాలి. పొద్దున అయితే ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి కాల్చిన దోశ. తోపుడు బండి దగ్గర పెనం ముందు నిలబడి తినండి, పార్సిల్ చేస్తే మెత్తబడుతుంది. కొండ మీద మాత్రం వేరే హోటలు వెతకొద్దు. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కూర్చోండి. 1985లో మొదలైన నిత్యాన్నదానం అది. చక్కెర పొంగలి, అన్నం, సాంబారు, రసం, మజ్జిగ, అడిగినంత వడ్డిస్తారు. ఆ పంక్తిలో పక్కన కూర్చున్నది ఎవరో తెలియకుండా కలిసి తినడం నాకు ప్రాణం.

మరి ఈ ప్యాకేజీ తీసుకోవచ్చా? ఇప్పుడున్నట్టుగా అయితే వద్దంటాను. కారూ డ్రైవరూ బాగున్నా, ఆ పరుగు బాగాలేదు. కాణిపాకానికి విడిగా ఇంకో రోజు పెట్టుకోండి, చిత్తూరు వైపు పనున్న రోజు. మొక్కు తీరలేదని పిన్ని కోసం మేమూ మర్నాడు బస్సులోనే పోయొచ్చాం. కారు మాట్లాడుకునేవాళ్లు శ్రీకాళహస్తి, గుడిమల్లం, తిరుచానూరు ఒక రోజుకు పెట్టుకోండి, చాలు. అడ్వాన్సు కట్టకముందే గుడిమల్లం పేరు వాట్సాప్‌లో రాయించుకోండి, నోటిమాట నమ్మొద్దు.

ఆ ట్రావెల్స్ వాళ్లకు ఇవన్నీ ఫోన్‌లో చెప్పాను. పోస్టర్ మార్చే సంగతి చూస్తామన్నారు. మారిస్తే ఈసారి డబ్బు కట్టి మా అమ్మను తీసుకుని నేనే ఎక్కుతాను, ఆ వీడియో కూడా పెడతాను.