మైపాడు నుంచి నెల్లూరుకు ఏడు నిమిషాలు

శ్రోతలకు నమస్కారం.

ఉక్రెయిన్ నగరాల మీద రాత్రుళ్లు వచ్చి పడుతున్న షాహెద్-136 రకం డ్రోన్ గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుంది. నిమిషానికి మూడు కిలోమీటర్లు. మైపాడు తీరం నుంచి నెల్లూరు నగరానికి నేరుగా కొలిస్తే 20 కిలోమీటర్ల పైచిలుకు, అంటే ఏడు నిమిషాలు. కొత్తపట్నం నుంచి ఒంగోలుకైతే ఐదే. ఈ వ్యవధిని ఎలా పెంచుకోవాలి, చేతికి దొరికిన కాస్త సమయంలో ఎవరు ఏం చేయాలి అన్నదే ఈ ప్రసంగం.

సముద్రం వైపు నుంచి దాడి మన తీరం ఎరగనిది కాదు. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు చమురు ట్యాంకులను గుళ్లతో తగలబెట్టింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. 2025 మే 8 రాత్రి లేహ్ నుంచి సర్ క్రీక్ దాకా 36 చోట్ల మూడు, నాలుగు వందల డ్రోన్లు చొరబడ్డాయని మన సైన్యం ప్రకటించింది. అవన్నీ పడమటి సరిహద్దు జిల్లాలు కదా, మనకేం భయం అనుకోవడానికి లేదు. అదే ఏడాది జూన్ 1న ఉక్రెయిన్ 117 డ్రోన్లను లారీల్లో దాచి, రష్యా లోలోపలికి చేర్చి, వైమానిక స్థావరాల పక్కనుంచే ఎగరేసింది. అలాంటి లారీ మన 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఆగి ఉంటే, సముద్రం వైపు చూసే రాడార్‌కు అది ఆనదు. పోర్టు దగ్గర, విద్యుత్ కేంద్రం దగ్గర రోజుల తరబడి కదలకుండా ఉన్న కంటైనర్ గురించి 112కు చెప్పడం కూడా నగర రక్షణలో భాగమే.

ముందు కళ్ల సంగతి. రాడార్ కిరణం దాదాపు సూటిగా పోతుంది, భూమి గుండ్రంగా వంగుతుంది. 20 మీటర్ల స్తంభం మీద ఉన్న రాడార్, 25 మీటర్ల ఎత్తులో వచ్చే డ్రోన్‌ను 39 కిలోమీటర్ల కంటే ముందు చూడలేదు. ఆ రాడార్ నెల్లూరు ఊళ్లో ఉంటే మనకు దొరికేది 13 నిమిషాలు. దాన్నే మైపాడు ఒడ్డున నిలబెడితే 20 నిమిషాలు. రాడార్ మారలేదు, ఖర్చు పెరగలేదు, చోటు మారిందంతే. నగరాన్ని కాపాడే పని నగరంలో మొదలవదని పదే పదే చెప్పేది ఇందుకే.

తక్కువ ఎత్తులో వచ్చేదాన్ని పట్టడానికి చెవులు కూడా కావాలి. ఉక్రెయిన్‌లో స్తంభాల మీద వేల సంఖ్యలో మైకులు పెట్టి, డ్రోన్ ఇంజిన్ చప్పుడును బట్టి దాని దారి గుర్తిస్తున్నారు. ఆ చప్పుడు పాత మోపెడ్ మోతలా ఉంటుంది. మన తీరంలో ఇక్కడే ఒక చిక్కుంది. ఇందుకూరుపేట నుంచి కావలి దాకా రొయ్యల గుంటల మీద రాత్రంతా డీజిల్ జనరేటర్లు మోగుతుంటాయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతుంటాయి. ఆ గట్ల మధ్య మైకు పెడితే దానికి జనరేటర్ తప్ప మరేమీ వినపడదు. మైకులు గుంటలకు దూరంగా, సరుగుడు తోపులు దాటి, ఒడ్డుకు దగ్గరగా ఉండాలి. ఒక్క మైకు మాట నమ్మకూడదు. వరసలో మూడు మైకులు ఒకదాని తర్వాత ఒకటి పట్టినప్పుడే హెచ్చరిక పంపాలి.

ఇక కూల్చడం. విమానాలను కూల్చే నలభై మిల్లీమీటర్ల ఎల్-70 తుపాకీ గట్టిగా పనిచేసేది మూడున్నర, నాలుగు కిలోమీటర్ల లోపే. సెకనుకు 50 మీటర్లు వచ్చే డ్రోన్ ఆ దూరాన్ని నిమిషం పైన కొద్ది సెకన్లలో దాటేస్తుంది. తుపాకీ నగరం నడిబొడ్డున ఉంటే కూలిన డ్రోన్ ట్రంకు రోడ్డు మీదే పడుతుంది. దాని కడుపులో సుమారు 50 కిలోల పేలుడు పదార్థం ఉంటుంది, నేలను తాకాక కూడా పేలవచ్చు. అందుకే తుపాకులు ఊరికి దూరంగా, ఉప్పు కయ్యల దగ్గర, బీళ్ల దగ్గర ఉండాలి. కోట్ల ఖరీదు చేసే క్షిపణిని ప్రతి చౌక డ్రోన్ మీదా వదిలితే, అసలు క్షిపణి వచ్చే వేళకు మన గూడు ఖాళీగా ఉంటుంది. రేడియో సంకేతాలను చెడగొట్టే జామర్ మంచిదే కానీ, సన్నని ఫైబర్ తీగతో నడిచే డ్రోన్ మీద దాని ఆట సాగదు. పైగా జీపీఎస్ చెడగొడితే నడిసముద్రంలో ఉన్న మన పల్లెపాలెం పడవలకూ దారి తప్పుతుంది. పడవలకు మాట చేరవేసే వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు, దిక్సూచి తప్పనిసరి.

సైరన్ సంగతి అందరూ గుర్తుపెట్టుకోండి. హెచ్చుతూ తగ్గుతూ మోగితే ప్రమాదం. ఒకే స్థాయిలో సాగితే ప్రమాదం తప్పిందని. కరెంటు పోతే మోగని సైరన్ ఉన్నా లేనట్టే, బ్యాటరీ ఉండి తీరాలి. పల్లెల్లో గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు మూడూ వాడుకోవాలి. పొలంలో మందు చల్లే డ్రోన్ నడిపేవాళ్లు సైరన్ వినగానే దించేయాలి. గాల్లో ఉన్నది మనదో కాదో తేల్చుకునే తీరిక తుపాకీ దగ్గరున్నవాళ్లకు ఉండదు.

తుఫాన్లు మనకు ఎన్నో నేర్పాయి, కానీ ఒక అలవాటును మాత్రం తిరగేసుకోవాలి. తుఫానుకు పైకి ఎక్కుతాం. గగనతల దాడికి కిందికి దిగాలి. స్తంభాల మీద కట్టిన తుఫాను షెల్టర్ ఉప్పెనకు సరైనది, పేలుడుకు కాదు. అపార్ట్‌మెంట్ కింద పార్కింగూ అంతే. నాలుగు వైపులా తెరిచి ఉంటుంది, బండ్ల ట్యాంకుల నిండా పెట్రోలు. పై అంతస్తుల వాళ్లు లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదుగా దిగి, కింది అంతస్తుల్లో అద్దాలు లేని నడవలో కూర్చోవాలి. మీకూ వీధికీ మధ్య రెండు గోడలుండాలి. మొదటి గోడ పేలుడు దెబ్బ తింటుంది, రెండోది పెచ్చులను ఆపుతుంది. కిటికీకి టేపు అంటిస్తే అద్దం పగలకుండా ఆగదు, ముక్కలు చెదిరిపోవడం కాస్త తగ్గుతుంది. మందపాటి దుప్పటి కట్టడం అంతకంటే మేలు.

కందకం తవ్వమని పాత పుస్తకాలు చెబుతాయి. మన తీరంలో మూడు నాలుగు అడుగులకే నీరు ఊరుతుంది, ఇసుక గోడ కూలుతుంది. అక్కడ నేల మీదే ఇసుక మూటల గోడ కట్టాలి. పెచ్చులను ఆపడానికి మందం రెండున్నర అడుగులుండాలి. పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల ఎత్తు గోడకు వంద ఘనపు అడుగుల ఇసుక పడుతుంది, అంటే ఒక యూనిట్. మూటకు ఘనపు అడుగు చొప్పున వంద మూటలు. గోతాన్ని ముప్పావు వంతే నింపండి. బిగించి నింపితే మూట గుండ్రంగా మారి గోడ జారుతుంది. ఇటుకల్లాగే కీలు మీద కీలు రాకుండా పేర్చాలి. యూరియా గోతాలు ఎండకు కొన్ని నెలల్లో పొడిపొడి అవుతాయి, పైన పట్టా కప్పాలి.

దీపాలు ఆర్పే విషయంలో అధికారులకు ఒక మనవి. ఊరికి కరెంటు తెచ్చే లైను, అంటే ఫీడర్, లాగేస్తే ఊరు చీకటవుతుంది, నిజమే. గుంటల్లో ఏరియేటర్లూ ఆగుతాయి. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు ఎలాగూ అట్టడుగున ఉంటుంది, ఆ వేళ ఏరియేటర్ ఆగితే రొయ్యలు తేలిపోతాయి. పైగా సోలార్ వీధి దీపాలు, ఇన్వర్టర్ దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ఫీడర్ జోలికి పోకుండా గట్ల మీద దీపాలకు వేరే స్విచ్చు పెట్టించడం మేలు.

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో, శీతల గిడ్డంగుల్లో అమ్మోనియా ఉంటుంది. పైపు తెగితే కళ్లు, గొంతు మండే వాసన వస్తుంది. గాలి వీచే దిక్కుకు అడ్డంగా నడిచి బయటపడాలి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలి. అగ్నిమాపక సిబ్బంది గొట్టంతో నీటి తెర వేస్తే నీళ్లు అమ్మోనియాను పీల్చుకుంటాయి.

రక్తం చిమ్ముతుంటే గుడ్డతో గట్టిగా అదిమిపట్టండి. చేయో కాలో అయితే గాయానికి మూడు వేళ్లంత ఎగువన వెడల్పాటి పట్టీ కట్టి, కర్రతో మెలిపెట్టి, కట్టిన వేళను నుదుటి మీద రాయండి. ఆసుపత్రి చేరేదాకా వదులు చేయకూడదు.

ప్రమాదం తప్పిందని సైరన్ మోగాక కూడా పొలంలోనో గట్టు మీదో తెలియని రేకు ముక్క, రెక్క, తీగ కనబడితే ముట్టుకోవద్దు, నీళ్లు చల్లవద్దు. కనీసం వంద మీటర్లు వెనక్కి జరిగి, పిల్లల్ని అటు పోనివ్వక 112కు చెప్పండి. ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే తన దెబ్బ ఎక్కడ తగిలిందో పంపినవాడికి ఉచితంగా తెలుస్తుంది, తర్వాతి డ్రోన్‌ను సరిచేసుకుని పంపుతాడు. సిబ్బంది వచ్చేదాకా దూరంగా ఒక కర్ర పాతి, దానికి ఎర్రగుడ్డ కట్టి ఉంచండి.

నమస్కారం.