సోంపేట దగ్గర మా ఇల్లు: నాలుగు వానాకాలాల తర్వాత రివ్యూ

అందరికీ నమస్కారం. ఇల్లు చూపించే ముందు ఈ సన్‌షేడ్, అంటే కిటికీ పైన ఎండకి అడ్డంగా బయటికి వచ్చిన ఈ చిన్న శ్లాబు చూడండి, కెమెరా దగ్గరగా తెస్తున్నాను. అడుగున గోధుమరంగు చార కనిపిస్తోంది కదా, దాని పక్కనే సన్నగా పగులు ఉంది. వేలితో ఇలా తడితే పెచ్చు ఊడి వచ్చేస్తోంది. లోపల చువ్వ చూడండి, ఎర్రగా తుప్పు పట్టేసింది. ఇల్లు కట్టి నాలుగేళ్ళే అయింది. ఇప్పుడు ఇటు రండి, మూడడుగుల దూరంలో ఈ కాలమ్, అంటే కాంక్రీటు స్తంభం. దీనికి గీత కూడా పడలేదు. అదే మేస్త్రీ, అదే సిమెంటు, ఒకే లారీలో దిగిన ఇనుము. తేడా ఏంటంటే కాలమ్ ఇంజనీరు గీసిన డ్రాయింగ్‌లో ఉంది, సన్‌షేడ్ డ్రాయింగ్‌లో లేదు, అంతే. ఈరోజు వీడియో అంతా దాని గురించే.

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలం, సముద్రం నాలుగు కిలోమీటర్లు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పాత రేకుల ఇంటిమీద కొబ్బరిచెట్టు పడింది, రేకులు ఎగిరిపోయాయి, మేము నలుగురం పక్కింటి శ్లాబు కింద తలదాచుకున్నాం. ఉద్దానంలో, అంటే మా ఈ తీర ప్రాంతంలో, కొబ్బరితోటలు, జీడితోటలు ఎలా నేలకూలాయో ఇక్కడివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. శ్లాబు ఇల్లు కట్టాలని ఆ రోజే అనుకున్నాం. 2021లో గృహప్రవేశం చేశాం.

ఆరు సెంట్ల స్థలం, అంటే 290 గజాలు. ప్లాన్ కోసం ఇంజనీరు దగ్గరికి వెళ్తే మా బావ కోప్పడ్డాడు. "కాగితానికి అంత డబ్బెందుకు, మేస్త్రీకి చెప్తే చాక్‌పీస్‌తో నేలమీద గీసి చూపిస్తాడు కదా" అన్నాడు. మన దగ్గర చాలా ఇళ్ళు అలాగే లేచాయి, మేస్త్రీల అనుభవాన్ని నేను తక్కువ చెయ్యను, మన జిల్లా వాళ్ళు హైదరాబాద్, చెన్నై దాకా వెళ్ళి ఎన్ని భవనాలు కట్టారో తెలిసిందే. కానీ ఆ ఇంజనీరు మొదటిరోజు ఒక్క గీత కూడా గియ్యలేదు. రెండు గంటలు కూర్చోబెట్టి ప్రశ్నలే అడిగారు. అమ్మ ఏ గదిలో పడుకుంటారు, జీడిపిక్కలు ఎక్కడ ఆరబోస్తారు, వాన వస్తే ఎక్కడికి చేరుస్తారు, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయా, చుట్టాలు దిగితే ఎంతమంది. సొంత ప్లాన్ అంటే ఏంటో నాకు ఆ రోజు అర్థమైంది. అప్పటిదాకా యూట్యూబ్‌లో ఎలివేషన్లు చూసి అలాంటి ముందుభాగం కావాలనుకోవడమే సొంత ప్లాన్ అనుకున్నాను.

అమ్మ గది సంగతి చెప్తాను. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మేమేమో వరద నీళ్ళ భయంతో పునాది నేలమట్టానికి మూడడుగులు ఎత్తు లేపాలని పట్టుబట్టాం. ర్యాంప్ కూడా పెట్టెయ్యండి అన్నాను, అదేదో చిన్న పని అన్నట్టు. ఇంజనీరు లెక్క వేసి చూపించారు: చక్రాల కుర్చీ సులువుగా ఎక్కాలంటే ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు కావాలి, మూడడుగులకి 36 అడుగులు. వీధి వైపు అంత జాగా ఎక్కడిది? అందుకే దక్షిణం గోడ వెంబడి తీసుకెళ్ళి, మూల దగ్గర వెడల్పుగా చప్టా వేసి తిప్పారు. ఇదిగో, ఇదే. ఇప్పుడు అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి తులసికోట దాకా వెళ్తుంది. గోడలు లేచాక గుర్తొచ్చి ఉంటే ఈ ర్యాంప్ పట్టేదే కాదు. నాకు ఈ ఇంట్లో అన్నింటికన్నా నచ్చింది ఇదే, నిజంగా.

ఇక అసలు విషయం, గాలి, ఉప్పు. గాలి లెక్కలకి ఐఎస్ 875 మూడో భాగం అని ఒక కోడ్, అంటే మన దేశ ప్రమాణాల పుస్తకం ఉంది. అందులో విశాఖపట్నానికి బేసిక్ స్పీడ్, అంటే లెక్కకి మొదట తీసుకునే గాలి వేగం, సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. మా ఇంటి లెక్క కూడా ఆ స్పీడుకే చేశారు. ఉప్పు మాత్రం గాలి కన్నా మొండిది, ప్రతిరోజూ పని చేస్తూనే ఉంటుంది. కాంక్రీటులోకి మెల్లగా దిగి చువ్వని చేరుతుంది, చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటుని పగలగొడుతుంది. ఆ పగులులోంచి ఇంకా ఉప్పు, ఇంకా నీళ్ళు. అందుకే చువ్వకీ బయటికీ మధ్య ఎంత కాంక్రీటు ఉందన్నది ముఖ్యం, దాన్నే కవర్ అంటారు. మామూలు ఊళ్ళలో ఇంటి లోపలి శ్లాబుకి 20 మిల్లీమీటర్లు సరిపోవచ్చు. సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకి ఐఎస్ 456 అనే కాంక్రీటు కోడ్ ప్రకారం 45 మిల్లీమీటర్ల కవర్, కనీసం ఎం30 గ్రేడు (గ్రేడు అంటే కాంక్రీటు బలం, అంకె పెరిగితే బలం ఎక్కువ). మా కాలమ్‌లకి, బయటి బీములకి అదే వేశాం, శ్లాబు రోజున కవర్ బ్లాకులు, అంటే చువ్వ కింద ఆ దూరం నిలిపే చిన్న సిమెంటు దిమ్మలు, ఒక్కొక్కటీ నేనే దగ్గరుండి పెట్టించాను.

మరి సన్‌షేడ్? మొదట డ్రాయింగ్‌లో పడమర వైపు కిటికీలకి సన్‌షేడ్ లేదు. లింటెల్, అంటే కిటికీల పైన అడ్డంగా వచ్చే కాంక్రీటు దూలం, పోసే ముందురోజు సాయంత్రం మేస్త్రీ అన్నాడు, "బాబూ, రెండు చువ్వలు బయటికి వదిలేస్తే షేడ్ వచ్చేస్తుంది, ఎండ పడదు" అని. మంచి ఆలోచనే అనిపించి సరే అన్నాను. ఇంజనీరుకి ఫోన్ చెయ్యలేదు. కవర్ బ్లాకులు అయిపోతే కంకర ముక్కలు పెట్టారు, చువ్వ కిందకి జారిపోయింది, మొన్న పగలగొట్టి కొలిస్తే కవర్ పది మిల్లీమీటర్లు కూడా లేదు. ఆ తప్పు మేస్త్రీది కాదు, సరే అన్నది నేను.

నీళ్ళ గురించి కూడా చెప్పాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మా బోరు నీళ్ళు కొంచెం ఉప్పగానే ఉంటాయి. టెస్టు చేయిస్తే క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటింది, ఇనుము వేసే కాంక్రీటుకి కోడ్ ఒప్పుకునే హద్దు అదే. అందుకని కాంక్రీటు కలపడానికీ, తడపడానికీ కూడా మంచినీళ్ళ ట్యాంకర్లే తెప్పించాం. ఖర్చయింది, బావ మళ్ళీ కోప్పడ్డాడు. ఇంకోటి, మిక్సర్ దగ్గర ఒకరు నిలబడండి. నీళ్ళు సిమెంటు బరువులో సగం అనుకుంటే 50 కిలోల బస్తాకి 25 లీటర్లు, ఎం30కి అంతకన్నా తక్కువే. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. కూలీలకి మాల్, అంటే కలిపిన కాంక్రీటు, జారుగా ఉంటే పని తేలిక, అందుకని ఇంకో రెండు డబ్బాల నీళ్ళు పోసేస్తారు. అలా పోసిన ప్రతి డబ్బా కాంక్రీటు బలాన్ని తగ్గిస్తుంది.

శ్లాబు మీద మడులు కట్టి పద్నాలుగు రోజులు నీళ్ళు నిలబెట్టాం. కాలమ్‌లకి గోనెసంచులు చుట్టి రోజుకి నాలుగుసార్లు తడిపాం. ఆ పని మా చెల్లిదే, ఒక్కరోజు కూడా తప్పలేదు.

నచ్చనివి కూడా చూపిస్తాను. హాల్లో ఈ జరిపే కిటికీలు. తుపాను గాలికి వాన అడ్డంగా కొడుతుంది కదా, ఈ కింది పట్టాలో నీళ్ళు నిండి లోపలికి పొర్లుతాయి, ప్రతి వానాకాలం గుడ్డలు పెట్టి పిండుకోవడమే. తలుపుల్లా తెరిచే కిటికీలు, రబ్బరు బిగింపు ఉన్నవి పెట్టుకోవాల్సింది. వంటగది ఆగ్నేయంలోనే ఉంది, వాస్తు ప్రకారం అందరూ సంతోషం, నాకూ ఇబ్బంది లేదు. రంగులు, టైల్స్ గురించి అడుగుతున్నారు, అవి మీ ఇష్టం, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పెరట్లో పాత చేతిపంపు ఉంచేశాం, తిత్లీ తర్వాత రోజుల తరబడి కరెంటు లేనప్పుడు వీధంతటికీ వాడుక నీళ్ళు దాంట్లోంచే.

మేస్త్రీకి డబ్బు దశలవారీగా ఇవ్వండి, పునాదికి, లింటెల్‌కి, శ్లాబుకి, ప్లాస్టరింగ్‌కి ఇంతింత అని ముందే కాగితం రాసుకుని, చివరి వాయిదా మాత్రం ఒక వాన చూశాకే. ఇంకా పని మధ్యలో ఏ మార్పు అనుకున్నా, గుమ్మం అరడుగు జరపడం అయినా సరే, ముందు డ్రాయింగ్‌లో మార్పించాకే మేస్త్రీకి చెప్పండి.

ఈ సన్‌షేడ్ మొత్తం తీసేస్తున్నాం. వచ్చే సోమవారం పని మొదలు. ఈసారి డ్రాయింగ్ వచ్చింది, ఇదిగో, కవర్ 45 అని రాసి ఉంది. మేస్త్రీ కూడా పాతాయనే.