చెట్టుకు తొడిగిన అంగీ

శ్రోతలకు నమస్కారం. ముందుగా ఒక బొమ్మ గురించి చెబుతాను, ఊహించుకోండి. ఒక చెట్టు. దానికి సన్యాసి అంగీ తొడిగారు. పైన ముసుగు, పక్కన చేతుల్లా చాచిన కొమ్మలు. ఎదురుగా ఒక యువతి మోకరిల్లి చేతులు జోడించింది. ఆమె వెనక జనం హడలిపోతున్నారు. కింద రాసిన మాట: ‘దర్జీ ఎంత పని చేయగలడో!’

గీసింది స్పెయిన్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా. ఇలాంటి 80 ముద్రణ చిత్రాలకు ‘కాప్రిచోస్’ అని పేరు పెట్టి 1799లో మాడ్రిడ్‌లో అమ్మకానికి పెట్టాడు. అత్తర్లు, మద్యం అమ్మే కొట్లో, సెట్టు 320 రియాళ్లకు. అప్పటికే జబ్బు చేసి ఆయనకు వినికిడి పోయింది.

వాటిలో నన్ను వదలని బొమ్మ ఇంకొకటి ఉంది. ఉరితీసిన మనిషి పళ్ళు చేతబడికి పనికొస్తాయని ఒక నమ్మకం. ఒకామె రాత్రివేళ వచ్చి, వేలాడుతున్న శవం నోట్లో చెయ్యి పెట్టింది. రెండో చేత్తో ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకుంది. శవాన్ని చూడలేదు, పన్నూ వదల్లేదు. ఆమెను చూస్తే నాకు జాలే కలుగుతుంది.

చేతబడి, మంత్రగత్తెలు అన్న ఆ భయం వెనక పాత గాయం ఉంది. 1610లో స్పెయిన్‌లోని లోగ్రోన్యో పట్నంలో, మంత్రగత్తెలన్న నేరం మోపి ఆరుగురిని నిలువునా కాల్చేశారు. తర్వాత సలాసార్ అనే మతవిచారణాధికారి, అంటే మతద్రోహ నేరాల్ని విచారించే చర్చి న్యాయాధికారి, ఊరూరా తిరిగి, వందల మందిని విచారించాడు. మంత్రగత్తెల గురించి మాట్లాడటం, రాయడం మొదలయ్యేదాకా ఇక్కడ మంత్రగత్తెలే లేరని తేల్చాడు. విచారణ జరిపినవాడే ఆ మాట అన్నాడంటే ఎంత ధైర్యం!

గోయా ‘మంత్రగాళ్ల ఎగురుడు’ చిత్రం ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. మూరెడు ఎత్తు కూడా ఉండదు. పొడవాటి టోపీలు పెట్టుకున్న ముగ్గురు ఒక మనిషిని గాల్లో పట్టుకున్నారు. ఆ టోపీలు మతవిచారణలో దోషులకు పెట్టేవాటిలా ఉన్నాయి, బిషప్పుల కిరీటాల్లానూ ఉన్నాయి. ఎవర్ని చూసి భయపడాలన్న ప్రశ్న అక్కడే ఉంది. కింద ఒకడు నేలమీద పడి చెవులు మూసుకున్నాడు. ఇంకొకడు దుప్పటి ముసుగేసుకుని, బొటనవేళ్ళను వేళ్ళ మధ్య దూర్చి, కీడు తగలకుండా సైగ చేస్తూ నడుస్తున్నాడు. పక్కన ఒక గాడిద.

కాప్రిచోస్ పెద్దగా అమ్ముడుపోలేదు. 1803లో గోయా ఆ బొమ్మలు అచ్చువేసిన రాగి పలకల్ని, మిగిలిన ప్రతుల్ని రాజుకు అప్పగించి, కొడుక్కి పింఛను ఇప్పించుకున్నాడు. పలకలు మాడ్రిడ్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఆ అంగీ తొడిగిన చెట్టు కూడా.