మీ ఫోన్‌లోని వంద పేర్లు

(వరంగల్‌లో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. డబ్బు కట్టి చేరి, ఇంకొందర్ని చేర్పిస్తే ఆదాయం వస్తుందనే గొలుసుకట్టు స్కీముల మీద చట్టం ఏమంటుందో చెప్పమని ప్రిన్సిపాల్ గారు పిలిచారు. చెబుతాను. కానీ చట్టం దాకా వెళ్ళక ముందే దీన్ని పట్టుకోవచ్చు. ఫోన్ మోగిన రెండు నిమిషాల్లోనే పట్టుకోవచ్చు.

ఇంటర్‌లో మీ పక్కన కూర్చున్నవాడు చేస్తాడా ఫోన్. చాలాకాలంగా మాటాముచ్చట లేదు. "ఏం మామా, ఎట్లున్నవ్? ఇంట్ల అందరు మంచిగున్నరా? ఏం చేస్తున్నవ్ ఇప్పుడు?" అంటాడు. మీరు ఏదో చెబుతారు. "నెలకెంతొస్తది మరి?" అని నవ్వుతాడు. తర్వాత గొంతు తగ్గించి, "నీకోసం ఒక ఆపర్చునిటీ ఉంది. ఫోన్ల చెప్తే సమజ్ కాదు. ఆదివారం హైదరాబాద్ రా, మా సార్‌ను కలుద్దాం. మంచి షర్ట్ వేసుకో" అంటాడు.

కంపెనీ పేరు అడగండి. ఈ-కామర్స్ అంటాడు, డిజిటల్ బిజినెస్ అంటాడు, ఫ్రాంచైజీ అంటాడు, పేరు మాత్రం చెప్పడు. చెబితే మీరు గూగుల్‌లో వెతుకుతారు కదా! ఫోన్‌లో ఏమీ విప్పి చెప్పొద్దని అతనికి ట్రైనింగ్‌లోనే నేర్పిస్తారు. నన్నడిగితే ఇదొక్కటి చాలు. పేరు చెప్పుకోలేని కంపెనీ కోసం బస్సు చార్జీలు కూడా దండగే.

అయినా స్నేహితుడి మొహమాటానికి వెళ్తారనుకోండి. హోటల్ హాలు, కోట్లు, చప్పట్లు. స్టేజీ మీద ఒకాయన తన పాత కష్టాలు, కొత్త కారు ఫొటో చూపిస్తాడు. ఎంత కట్టాలో చాలాసేపటి దాకా ఎవరూ చెప్పరు. "మీ నాన్న ఇంకెన్నేళ్ళు కష్టపడాలి?" అని అడుగుతారు. నాకు ఒళ్ళు మండే ప్రశ్న ఇదే, ఎందుకంటే చివరికి ఆ నాన్నతోనే అప్పు చేయిస్తారు, అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టిస్తారు. తర్వాత బోర్డు మీద ఒక సున్నా చుట్టి, కింద రెండు గీతలు గీస్తారు. లెఫ్ట్ ఒకరు, రైట్ ఒకరు. "ఇద్దర్ని తేలేవా? ఇద్దరే!"

చేరాక ఇచ్చే మొదటి పని సరుకు అమ్మడం కాదు. తెల్లకాగితం ఇచ్చి, తెలిసినవాళ్ళ పేర్లు వంద రాయమంటారు. వాళ్ళు చేరతారా లేదా అన్నది ఆలోచించొద్దు, ఫోన్ తీసి వరసగా రాసేయమంటారు. బాబాయి, మేనత్త కొడుకు, హాస్టల్ రూమ్మేట్, పక్కింటి అక్క. ఈ వ్యాపారానికి అసలు పెట్టుబడి ఆ కాగితమే. వాచీ, సూటు గుడ్డ, హాలిడే ప్యాకేజీ, మూలికల పొడి, ఆన్‌లైన్ కోర్సు, ఇవన్నీ చేరడానికి ఒక సాకు. ఆ ధరకు ఆ వస్తువును బజార్లో ముక్కూమొహం తెలియనివాడు కొంటాడా? కొనడు. మీ మొహం చూసి మీ మేనత్త కొడుకు కొంటాడు. అందుకే కంపెనీ పేపర్లో ప్రకటన ఇవ్వకుండా మీ వెంట పడుతుంది.

"వాడు నా దోస్తు సార్, నన్నెందుకు మోసం చేస్తాడు?" అంటారు మీరు. చేయాలనుకోడు, నిజమే. వాడు డబ్బు కట్టి ఇరుక్కున్నాడు, వాడి పైవాడు రోజూ ఫోన్ చేసి తరుముతున్నాడు, కట్టింది వెనక్కి రావాలంటే వాడికి ఇద్దరు కావాలి. సగం నమ్మకంతో, సగం భయంతో మీకు ఫోన్ చేశాడు. కాబట్టి వాడు మంచివాడా కాదా అన్న విచారణ అనవసరం.

లెక్క చూద్దాం. ఒక్కొక్కరూ ఇద్దర్ని చేర్పిస్తే పదో వరసలో 1,024 మంది, ఇరవయ్యో వరసలో పది లక్షల పైచిలుకు. 26వ వరసకు 6 కోట్ల 71 లక్షలు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాయే దాదాపు 8 కోట్ల 46 లక్షలు. పసిపిల్లలు కూడా చేరాలన్నమాట! అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఈ గొలుసు ఏ వరస నిండాక ఆగినా, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా ఆ చివరి వరసలోనే ఉంటారు. వాళ్ళ కింద ఎవరూ ఉండరు. తలా ఐదుగుర్ని చేర్చే పద్ధతైతే ఆ చివరి వరసే 80 శాతం. నిర్వాహకుడు ఎంత నిజాయితీపరుడైనా ఈ లెక్క మారదు.

మన ఇళ్ళల్లో చిట్టీలు వేస్తారు కాబట్టి కొందరు రెంటినీ కలిపేస్తారు. ఇరవై మంది నెలకు ఐదు వేలు వేస్తే లక్ష. ఆ లక్ష ఆ ఇరవై మంది మధ్యే తిరుగుతుంది, ఇరవై ఒకటో మనిషి అక్కర్లేదు. రిజిస్టరైన చిట్లకు 1982 చట్టం ఉంది. గొలుసుకట్టుకు మాత్రం రోజూ కొత్త మనిషి కావాలి.

ఇక చట్టం. 1978లోనే పార్లమెంటు ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం చేసింది. సభ్యుల్ని చేర్పించడం మీద డబ్బు వస్తుందని ఆశ చూపే స్కీము నడిపినా, అందులో ఎవరినైనా చేర్పించినా నేరమే, మూడేళ్ళ దాకా జైలు. "మాది ప్రొడక్ట్ కంపెనీ, మాకు వర్తించదు" అంటారు. 2007లో మన ఉమ్మడి హైకోర్టు ముందుకు, సభ్యుల ద్వారా సరుకు అమ్మే ఆమ్వే ఇండియా కేసు వచ్చింది. సరుకు ఉన్నా సరే, ఆ స్కీము ఈ చట్టం నిర్వచనంలోకే వస్తుందని కోర్టు చెప్పింది. 2018లో హరియాణాలోని హిసార్ కేంద్రంగా నడిచిన ఫ్యూచర్ మేకర్ నిర్వాహకుల్ని, మరుసటి ఏడాది నోయిడాకు చెందిన ఈబిజ్ వాళ్ళని సైబరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. రెండో కేసులో విద్యార్థులే ఎక్కువగా బలయ్యారన్నది ఆరోపణ. డైరెక్ట్ సెల్లింగ్, అంటే దుకాణం లేకుండా నేరుగా మనుషుల ద్వారా సరుకు అమ్మడం మీద 2021 డిసెంబర్‌లో కేంద్రం తెచ్చిన నిబంధనలు కూడా ఆ ముసుగులో పిరమిడ్ స్కీములు, అంటే ఈ గొలుసుకట్టువే, నడపొద్దని స్పష్టంగా అంటున్నాయి. ఇక "మాకు గవర్నమెంట్ రిజిస్ట్రేషన్ ఉంది" అని సర్టిఫికెట్ చూపిస్తే కంపెనీ పుట్టిందని తెలుస్తుంది, అంతే.

2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ మంటల్లో ఆరుగురు చనిపోయారు. అంతా పాతికేళ్ళ లోపు పిల్లలు, మన వరంగల్, ఖమ్మం వైపు వాళ్ళు. అక్కడ మార్కెటింగ్ ఉద్యోగం కోసమని లక్షల్లో కట్టామని కన్నవాళ్ళు చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. అగ్నిప్రమాదం వేరు, ఇది వేరు, నాకు తెలుసు. ఉద్యోగం చేయడానికి ఎదురు డబ్బు కట్టడమన్న మాట దగ్గర మాత్రం ఆగండి.

మీలో ఎమ్మెస్‌కి వెళ్ళేవాళ్ళుంటారు. అక్కడ ఇండియన్ స్టోర్‌లో కూరగాయల దగ్గర ఎవరో జంట ఆప్యాయంగా పలకరిస్తారు. "మీరు తెలుగువారా? ఎక్కడ పని చేస్తున్నారు?" కొత్త దేశంలో ఆ పలకరింపుకే ప్రాణం లేచొస్తుంది. నంబర్ ఇస్తారు. వారం తిరక్కుండా "ఒక బిజినెస్ మెంటర్ ఉన్నారు" అన్న మాట వస్తే, అది నేను మొదట చెప్పిన ఫోన్ కాలే.

వాదన పెట్టుకోకండి. వాళ్ళ దగ్గర ప్రతి ప్రశ్నకూ జవాబు తయారుగా ఉంటుంది. "ఉద్యోగం కూడా పిరమిడే కదా, పైన బాస్ ఉంటాడు" అంటారు. బాస్ మనకు జీతమిస్తాడు, మన దగ్గర తీసుకోడు. ఒక్కటే అడగండి: ఇప్పటిదాకా ఎంత కట్టావు, సభ్యులు కానివాళ్ళకు సరుకు అమ్మగా నీ బ్యాంకులో ఎంత పడింది? పైవాడి చెక్కు ఫొటో కాదు, నీది చూపించు అనండి. "ఈ రోజే కట్టాలి, రేపు రేటు పెరుగుతుంది" అంటే లేచి వచ్చేయండి. దోస్తును మాత్రం వదులుకోవద్దు. "నేను చేరను రా, ఎవర్నీ చూపించను కూడా. ఆదివారం చాయ్‌కి రా" అనండి. వాడు బయటపడిన రోజు మాట్లాడ్డానికి ఎవరో ఒకరుండాలి కదా.

ఇప్పటికే కట్టినవాళ్ళు ఈ హాల్లో ఉండే ఉంటారు. చేతులెత్తమనను. పోయింది రాబట్టుకోవడానికి ఇంకొకర్ని చేర్పించకండి, అప్పుడు మీరూ నిందితుల జాబితాలోకి వెళ్తారు. ఫోన్‌పే రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు, మీటింగ్ ఫొటోలు, మీ పైవాళ్ళ నంబర్లు దాచిపెట్టుకోండి. తర్వాత అవి దొరక్కపోవచ్చు, కాబట్టి ఈ రాత్రే స్క్రీన్‌షాట్లు తీయండి. పోలీస్ స్టేషన్‌కు ఒంటరిగా కాకుండా మీతో కట్టినవాళ్ళని కలుపుకొని వెళ్ళండి. సలహాకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఇంట్లో చెప్పడానికి టెన్షన్‌గా ఉంటే నేను సాయంత్రం దాకా లైబ్రరీ పక్క గదిలో ఉంటాను, కాగితాలు పట్టుకొని రండి. ఇప్పుడు ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.